మళ్లీ ఇథియోపియాకి పాఠాలు చెప్పడానికి వెళ్తున్నారా? రెండోసారి వెళ్లేవాళ్లు చేసుకోవలసిన పనులు

"మాస్టారూ, నాలుగేళ్లు ఉండి వచ్చిన ఊరే కదా, మళ్లీ కొత్తగా చూసుకోవలసింది ఏముంటుంది?"

ఒడిశాలో మన తెలుగువాళ్లు ఉండే బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, గుణుపురం, రాయగడల నుంచి నాకు ఫోన్ చేసేవాళ్లలో చాలామంది ఇదే అడుగుతారు. ఇథియోపియా యూనివర్సిటీల్లో కొన్నేళ్లు పాఠాలు చెప్పి, పెద్దవాళ్ల కోసమో పిల్లల చదువు కోసమో ఇంటికి వచ్చేసి, ఇప్పుడు మళ్లీ ఆఫర్ వచ్చి బయల్దేరుతున్నవాళ్లు. నేనూ అలా వెళ్లినవాణ్ణే. 2013 నుంచి 2017 దాకా దక్షిణ ఇథియోపియాలోని హవాసాలో ఉన్నాను. తర్వాత ఆరేళ్లు బరంపురంలో. 2023లో మళ్లీ హవాసా.

మొదటిసారి వెళ్లినప్పుడు మనం ప్రతిదీ నలుగురిని అడిగి తెలుసుకుంటాం. రెండోసారి అడగం, అన్నీ తెలుసనుకుంటాం. నేను తిన్న దెబ్బలన్నీ అక్కడ తిన్నవే. మీకు అవి తగలకూడదని వరసగా రాస్తున్నాను. నా అనుభవం హవాసాది. మీరు వెళ్లేది జిమ్మా అయినా, హరమాయా అయినా, గోందర్ అయినా చాలావరకు ఇదే పద్ధతి. తేడా ఉన్నచోట చెప్తాను.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- కొత్త పాస్‌పోర్టుతో పాటు పాత పాస్‌పోర్టు. పాతది ఇంట్లో వదిలేయకండి, ఎందుకో కింద చెప్తాను.
- పోయినసారి వచ్చేటప్పుడు అక్కడి యూనివర్సిటీ ఇచ్చిన క్లియరెన్స్ కాగితం, ఎక్స్‌పీరియన్స్ లెటర్.
- పాత వర్క్ పర్మిట్, రెసిడెన్స్ కార్డు కాపీలు, అక్కడి టిన్ నంబరు (పన్ను కట్టేవాళ్లకి ఇచ్చే నంబరు).
- ఎల్లో ఫీవర్ టీకా కార్డు.
- డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ ఒరిజినల్స్, మార్కుల జాబితాలు.
- రెండు మూడు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు. కొత్త కాంట్రాక్టు మీద మొదటి జీతం ఆలస్యంగా చేతికి రావడం మామూలే.
- ఒక మంచి స్వెటర్, చిన్న ప్రెషర్ కుక్కర్.
- పాత ఫోన్ నంబర్లు రాసుకున్న డైరీ. దొరకకపోతే పాత సిమ్ ఉన్న ఫోన్ వెతకండి. ఈ జాబితాలో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైంది ఇదే.

1. ముందు మీ పేరు సరిచూసుకోండి

సరిహద్దు జిల్లాల్లో పుట్టిన మనకి ఇది ప్రత్యేకమైన తలనొప్పి. ఒడిశా స్కూల్లో చేర్చినప్పుడు ఒడియా మాస్టారు రిజిస్టర్లో "వ" ఉన్నచోట "బ" రాసేస్తారు. ఇంట్లో వెంకట రావు, మెట్రిక్ సర్టిఫికెట్‌లో బెంకట రావు. వాసుదేవ అయితే బాసుదేబ. విశాఖలో పీజీ చేస్తే అక్కడ మళ్లీ వెంకట రావు, అదీ ఇంటిపేరు ముందు పెట్టి. పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర. నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లు.

పోయినసారి ఎలాగో గడిచిపోయింది కదా అనుకోకండి. అప్పుడు కాగితాలు చేత్తో చూశారు. ఇప్పుడు కంప్యూటర్లో ఎక్కిస్తున్నారు, ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆపేస్తున్నారు. అన్ని కాగితాలూ పక్కపక్కన పెట్టి స్పెల్లింగ్ పోల్చుకోండి. తేడా ఉంటే ఇవన్నీ ఒకే మనిషివని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకోండి. టైముంటే బోర్డుకి రాసి సర్టిఫికెట్టే దిద్దించుకోవడం ఇంకా మంచిది, కానీ దానికి నెలలు పడుతుంది.

ఇంకొక మాట. ఇథియోపియాలో ఇంటిపేర్లు ఉండవు. మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు, అంతే. ఫారాల్లో కూడా మూడు గళ్లు ఉంటాయి. మన ఇంటిపేరు ఏ గడిలో రాయాలో తెలియక తలా ఒక రకంగా రాస్తాం. పోయినసారి ఎలా రాశారో పాత రెసిడెన్స్ కార్డులో చూసి, అదే వరసలో రాయండి. టిన్ నంబరు పాతదే కొనసాగుతుంది కాబట్టి పేరు దానితో కలవాలి.

2. డిగ్రీల అటెస్టేషన్

మీరు ఉండే రాష్ట్రం కాదు, డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర ముందు అటెస్ట్ కావాలి. బరంపురం యూనివర్సిటీ డిగ్రీ అయితే ఒడిశాలో, ఆంధ్రా యూనివర్సిటీ డిగ్రీ అయితే ఆంధ్రప్రదేశ్‌లో. మనలో చాలామందికి ఒకటి ఇటు, ఒకటి అటు ఉంటాయి. రెండూ ఒకేచోట అయిపోతాయని భువనేశ్వర్ వెళ్లి వెనక్కి తిరిగి వచ్చినవాళ్లు నాకు తెలుసు. ఆ తర్వాత విదేశాంగ శాఖ, ఆపైన మీ యూనివర్సిటీ అడిగితే ఇథియోపియా రాయబార కార్యాలయం.

పోయినసారి చేయించిన స్టాంపులు పనికొస్తాయా అంటే, ముందు యూనివర్సిటీ వాళ్లకి స్కాన్ పంపి అడగండి. ఒప్పుకుంటే డబ్బూ టైమూ మిగులుతాయి. ఆ ఒప్పుకున్న మెయిల్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి.

హెచ్చరిక: టూరిస్ట్ ఈ-వీసా మీద వచ్చేయండి, మిగతాది ఇక్కడ చూసుకుందాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎంత పాత పరిచయమైనా సరే. ఉద్యోగ వీసా చేతికి వచ్చాకే టికెట్.

3. ఎల్లో ఫీవర్ కార్డు

ఇథియోపియా నుంచి ఇండియాకి తిరిగి వచ్చేటప్పుడు సరైన కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం మన ఎయిర్‌పోర్టు ఆరోగ్య అధికారులకు ఉంది. సెలవులకి వచ్చింది పది రోజులైతే ఆరు రోజులు అక్కడే పోతాయి.

రెండోసారి వెళ్లేవాళ్లు ఇక్కడ రెండు పొరపాట్లు చేస్తారు. కార్డు మీద పదేళ్లు అని ఉంటుంది కాబట్టి చెల్లదనుకుని మళ్లీ టీకా వేయించుకోవడం మొదటిది. 2016 జులై నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం మారింది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. పాత కార్డులకీ ఇది వర్తిస్తుంది. రెండోది, కార్డు మీద పాత పాస్‌పోర్టు నంబరు ఉండటం. అందుకే పాత పాస్‌పోర్టు కూడా తీసుకెళ్లమన్నాను. రెండూ కలిపి చూపిస్తే గొడవ ఉండదు.

కొత్తగా మీతో వచ్చే భార్యకో భర్తకో పిల్లలకో టీకా కావాలంటే ప్రభుత్వం గుర్తించిన సెంటర్లోనే వేయించాలి, వీధి చివర క్లినిక్ కార్డు చెల్లదు. వేసిన పది రోజుల తర్వాతే కార్డు అమల్లోకి వస్తుంది. గుడ్డు పడనివాళ్లు, అరవై దాటినవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి.

4. కాంట్రాక్టులో తేదీలు, డబ్బు

ఇథియోపియా పంచాంగం మనకి గుర్తే అనుకుంటాం. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం మర్చిపోతాం. వాళ్ల సంవత్సరం మన ఇంగ్లిష్ సంవత్సరం కన్నా ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది. సెప్టెంబర్ 11 నుంచి డిసెంబర్ 31 దాకా ఏడు, జనవరి 1 నుంచి సెప్టెంబర్ 10 దాకా ఎనిమిది తీసేయాలి. 2025 సెప్టెంబర్ 11 వాళ్లకి 2018 మెస్కెరెమ్ 1, అంటే కొత్త సంవత్సరం మొదటి రోజు. కాంట్రాక్టు ముగింపు తేదీ ఏ పంచాంగంలో ఉందో అడిగి, పక్కన రెండో తేదీ కూడా రాయించుకోండి. పదమూడో నెల పాగుమే అయిదారు రోజులే. దానికి వేరే జీతం ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం, జీతం డాలర్లలోనా, అక్కడి కరెన్సీ అయిన బిర్‌లలోనా అన్నది. పాత కాలం లెక్కలు వేసుకోవద్దు. 2024 జులై 29న అక్కడి నేషనల్ బ్యాంకు బిర్ విలువని మార్కెట్‌కి వదిలేసింది. అంతకుముందు డాలరుకి 57 బిర్‌ల దగ్గర ఉండేది కొన్ని వారాల్లోనే వంద దాటింది. బిర్‌లలో జీతం ఒప్పుకున్నవాళ్లు ఇంటికి పంపే డబ్బు దాదాపు సగానికి పడిపోయింది. అడగవలసినవి మూడు: జీతం ఏ కరెన్సీలో ఖాయం చేశారు? ఏ రోజు రేటు మీద ఇస్తారు? అందులో ఎంత భాగం ఇండియాకి పంపుకోనిస్తారు? మూడింటికీ జవాబు కాగితం మీద ఉండాలి. "చిగిర్ యెల్లెమ్" అని నోటితో అంటే సరిపోదు. ఇబ్బందేం లేదని మనసారానే అంటారు, కానీ రేపు ఆ కుర్చీలో ఆయనే ఉంటారని నమ్మకం లేదు.

ఇటువైపు, ఇంటికొచ్చాక మీ ఎన్నారై ఖాతాలని మామూలు ఖాతాలుగా మార్పించుకుని ఉంటారు. మళ్లీ బయల్దేరుతున్నట్టు బ్యాంకులో చెప్పి ఎన్నార్వో ఖాతాగా (విదేశాల్లో ఉండేవాళ్ల రూపాయి ఖాతా) మార్పించండి. ఇండియా సిమ్‌కి రీచార్జ్ ఆగకుండా చూసుకోండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

5. ఇంట్లో పెద్దవాళ్ల సంగతి

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎవరి ఇంటి సంగతి వాళ్లకే తెలుసు. ఒక్కటి మాత్రం చేయండి. ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి, ఆ మనిషి ఊళ్లో లేకపోతే రెండో మనిషి, వీళ్లిద్దరి నంబర్లూ అమ్మానాన్నల మంచం పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఒడియాలో కూడా రాయండి. రాత్రిపూట సాయానికి వచ్చే పొరుగువాళ్లకి తెలుగు చదవడం రాకపోవచ్చు.

6. ప్రయాణం, మొదటి వారం

ముంబై నుంచి, ఢిల్లీ నుంచి అడిస్ అబాబాకి ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానాలు ఉన్నాయి. బరంపురం స్టేషన్లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా ముంబై. రైలు లేటవుతుందని లెక్కేసుకుని ఒక రోజు ముందే చేరేలా చూసుకోండి.

అడిస్ సముద్రమట్టానికి 2,300 మీటర్లకి పైన ఉంది. మనం సముద్రం ఒడ్డువాళ్లం. పోయినసారి ఏమీ కాలేదు కదా అనుకుంటే, అప్పటికీ ఇప్పటికీ మన వయసు పెరిగింది. మొదటి మూడు నాలుగు రోజులు మెట్లు మెల్లగా ఎక్కండి, నీళ్లు ఎక్కువగా తాగండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. అక్కడ నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. కుక్కర్ అందుకే. జులై, ఆగస్టుల్లో బరంపురంలో ఉక్కపోత, అడిస్‌లో వర్షాలు, చలి. స్వెటర్ సూట్‌కేసు అడుగున కాకుండా చేతిసంచిలో ఉండాలి.

గంటల లెక్క మళ్లీ అలవాటు చేసుకోండి. వాళ్లకి పొద్దున ఏడు గంటలంటే ఒంటిగంట. "మూడు గంటలకి మీటింగ్" అంటే మన తొమ్మిది. ఎవరు టైము చెప్పినా "ఇథియోపియా టైమా, ఫారిన్ టైమా?" అని అడగండి. తెలిసినవాణ్ణే అన్న ధీమాతో నేను అడగలేదు, మొదటి వారంలోనే డిపార్ట్‌మెంట్ మీటింగ్ పోగొట్టుకున్నాను.

రోడ్డు ప్రయాణాలకి ముందు అక్కడి భారత రాయబార కార్యాలయం సూచనలు చూడండి. 2023 నుంచి అమ్హారా ప్రాంతంలో గొడవలు నడిచాయి. గోందర్, బహిర్‌దార్ వైపు వెళ్లేవాళ్లు ఒకప్పుడు రాత్రి బస్సెక్కి తిరిగినట్టు తిరగవద్దు.

7. ముందు పరామర్శ, తర్వాతే పలకరింపు

ఇది కొంచెం నిదానంగా చదవండి.

హవాసా చేరిన రెండో రోజు పాత ఇంటి యజమానురాలిని చూడ్డానికి వెళ్లాను. నాలుగేళ్లు వాళ్ల కాంపౌండ్లోనే ఉన్నాను, నన్ను సొంత మనిషిలా చూసుకుంది. బరంపురం పట్టు కండువా ఒకటి, మిఠాయిల పెట్టె ఒకటి పట్టుకెళ్లాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని కౌగలించుకుంది. నన్ను చూసిన సంతోషమే అనుకున్నాను. కూర్చున్నాక గట్టిగా నవ్వుతూ, "అబ్బాయి ఏడీ? ఇప్పుడు నాకంటే పొడుగై ఉంటాడు కదా!" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. భుజం మీద నెతెలా అనే తెల్లటి పల్చటి కండువా అంచుని వేళ్లతో నలుపుతూ ఉండిపోయింది. నెతెలాకి ఉండే రంగు అంచు కింద వైపు కాకుండా పైకి, మెడ దగ్గరికి తిప్పి కట్టుకుని ఉంది. దుఃఖంలో ఉన్నప్పుడు అలా కట్టుకుంటారని నాకు తెలుసు. పోయినసారే నేర్చుకున్నాను. గుమ్మంలో చూశాను కూడా. అయినా బుర్రకి ఎక్కలేదు. అబ్బాయి చనిపోయి అప్పటికి రెండేళ్లు. ఆ నెలలోనే సంవత్సరీకం లాంటిది జరిగింది.

మన ఊళ్లో ఆరేళ్ల తర్వాత ఎవరింటికైనా వెళ్తే సందు చివర కొట్లో ఆగి, "వాళ్లింట్లో అందరూ కులాసానా?" అని అడగకుండా లోపలికి వెళ్తామా? అక్కడా అంతే చేయాలి. ఆ ఆరేళ్లలో కోవిడ్ వచ్చింది. 2020 నవంబర్ నుంచి 2022 నవంబర్ దాకా ఉత్తరాన తిగ్రాయ్‌లో యుద్ధం జరిగింది. హవాసాలో ఉన్న కుటుంబాలకి అక్కడా బంధువులు ఉంటారు. ఏ ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలియదు.

చేయవలసింది ఇది:

వెళ్లబోయే ప్రతి ఇంటి గురించీ ముందు మూడో మనిషిని అడగండి. కాంపౌండ్ గేటు దగ్గర ఉండే కాపలా మనిషి, పాత కొట్టు యజమాని, డిపార్ట్‌మెంట్ సెక్రటరీ, వీళ్లకి అన్నీ తెలుస్తాయి.

పోయినవాళ్లుంటే ఎన్నేళ్లయినా సరే, ముందు పరామర్శకి వెళ్లండి. దాన్ని లెక్‌సో అంటారు. ఆలస్యమైందని మానేయకండి, ఊళ్లో లేనివాళ్లు వచ్చాక వెళ్తారు, అది వాళ్ల పద్ధతే. మిఠాయిలు వద్దు. నేను తర్వాత వెళ్లినచోట్లకి కాఫీ గింజలు, పంచదార పట్టుకెళ్లాను.

క్రైస్తవుల ఇంట్లో పెద్దవాళ్లతో "ఇగ్జియాబ్‌హేర్ యాత్స్‌నావొత్" అనండి. దేవుడు మీకు గుండెనిబ్బరం ఇవ్వాలి అని. ముస్లింల ఇల్లయితే ఈ మాట వద్దు, మౌనంగా కూర్చోండి. మాట రాకపోతే ఎవరింట్లోనైనా కూర్చోవడమే చాలు. అక్కడ కూడా పక్కన కూర్చోవడానికే విలువ.

ప్రశ్న అడగవలసి వస్తే పేరు పెట్టి అడగకండి. "ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు?" అని వదిలేయండి. చెప్పాలనుకున్నది వాళ్లే చెప్తారు.

ఆ తర్వాత నెల్లాళ్లకి మళ్లీ ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఈసారి ఏమీ అడగలేదు. ఆవిడే లోపలికి వెళ్లి అబ్బాయి స్కూలు నోట్‌బుక్ తెచ్చి చూపించింది. చివరి పేజీలో తెలుగు అక్షరాలు ఉన్నాయి. అ, ఆ, ఇ, ఈ. నేనే ఎప్పుడో ఆదివారం కూర్చోబెట్టి నేర్పినవి. నాకు గుర్తే లేదు.

8. కాఫీకి టైము ఇవ్వండి

ఎవరైనా బున్నాకి పిలిస్తే కనీసం గంటన్నర ఖాళీ పెట్టుకుని వెళ్లండి. పచ్చి గింజలు మన ఎదురుగానే వేయిస్తారు, పొగ మన వైపు విసురుతారు, దంచుతారు, జెబెనా అనే మట్టి కూజాలో కాస్తారు. పక్కన పేలాలు పెడతారు, మన ఇంట్లో జొన్నపేలాలు పెట్టినట్టే. మూడు విడతలు పోస్తారు: అబోల్, తోనా, బెరెకా. మూడోది ఆశీర్వాదం. అది తాగకుండా లేస్తే గృహిణికి బాధగా ఉంటుంది.

మూడు కప్పులు తాగితే నిద్ర పట్టనివాళ్లు మూడోది సగమే పోయించుకోండి. "త్నిష్" అంటే కొంచెం. షుగర్ ఉన్నవాళ్లు పోయకముందే పంచదార వద్దని చెప్పండి, ఎందుకంటే అడగకుండానే రెండు మూడు చెంచాలు వేసేస్తారు.

9. క్లాసు

పాత నోట్సు పట్టుకెళ్లండి కానీ దాన్నే మొదటి రోజు చెప్పకండి. ఈ మధ్యలో చదువుల తీరు చాలా మారింది. 2022లో పన్నెండో తరగతి జాతీయ పరీక్షని కట్టుదిట్టంగా, యూనివర్సిటీల్లో పెట్టి నిర్వహిస్తే పాసైంది 3.3 శాతం మందే. మిగిలినవాళ్లలో కొంతమందిని రెమిడియల్ క్లాసుల్లోకి తీసుకున్నారు. 2023 నుంచి డిగ్రీ చివర దేశవ్యాప్తంగా ఎగ్జిట్ పరీక్ష పెట్టారు, అది పాసైతేనే డిగ్రీ. పిల్లల టెన్షన్ అంతా దాని మీదే. చేరిన వారంలోనే మీ సబ్జెక్టు ఎగ్జిట్ పరీక్ష పరిధి కాగితం డిపార్ట్‌మెంట్లో అడిగి తీసుకుని, మీ పాఠాలని దాని ప్రకారం సర్దుకోండి.

మొదటి క్లాసులో అయిదు నిమిషాలు ఇచ్చి ఒక చిన్న ప్రశ్నకి ఇంగ్లిష్‌లో అయిదు వాక్యాలు రాయించండి. మార్కులు లేవని చెప్పండి. ఎంత వేగంగా చెప్పాలో, బోర్డు మీద ఎంత రాయాలో ఆ కాగితాలు చూస్తే తెలుస్తుంది. కరెంటు పోతుందని లెక్కేసుకుని ప్రొజెక్టర్ లేకుండా చెప్పగలిగేలా సిద్ధమవండి.

ఇంకొక చిన్న సంగతి. మీరు "అర్థమైందా?" అంటే కొందరు నోరు తెరవకుండా "హ్" అని ఊపిరి లోపలికి పీలుస్తారు. అవునని అర్థం. పోయినసారి నాకు అలవాటే. తిరిగి వెళ్లిన మొదటి క్లాసులో ముందు బెంచీ అమ్మాయి అలా పీలిస్తే ఏదో తప్పు రాశాననుకుని బోర్డంతా తుడిచేశాను. పాపం, అందరూ పుస్తకాల్లో గీతలు కొట్టుకోవలసి వచ్చింది.

పిల్లల్ని మొదటి పేరుతోనే పిలవండి. రెండోది తండ్రి పేరు, దానితో పిలిస్తే ఆయన్ని పిలిచినట్టు. మెచ్చుకోవాలంటే "గొబెజ్" అనండి. మన "శభాష్" ఎంత పనిచేస్తుందో అదీ అంతే.

10. భాష, తిండి

ఒడిశాలో ఆఫీసుకి వెళ్లి ఒడియాలో నమస్కారం పెడితే పని ఎలా కదులుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. హవాసా 2020లో సిదామా రాష్ట్రంలోకి వచ్చింది. దక్షిణ రాష్ట్రం పేరుతో ఉన్న పాత ఆఫీసులు, పాత లెటర్‌హెడ్‌లు ఇప్పుడు లేవు. అమ్హారిక్ వచ్చు కదా అని ఊరుకోకుండా సిదామాలో నాలుగు పలకరింపులు నేర్చుకోండి. జిమ్మా, హరమాయా అయితే ఒరోమో. తిగ్రాయ్‌లోని మెకెల్లే అయితే తప్పకుండా ముందు తిగ్రిన్యాలో పలకరించండి. యుద్ధం తర్వాత అక్కడ ఏ భాషలో నోరు విప్పుతున్నామన్నది చాలా ముఖ్యం.

శాకాహారులకి బుధ, శుక్రవారాలు పండగే. ఆర్థడాక్స్ వాళ్లకి ఉపవాసం, హోటళ్లలో పాలూ నెయ్యీ కూడా లేని భోజనం దొరుకుతుంది. "యెత్సోమ్ బెయాయ్‌నెతు" అని అడగండి, ఇంజెరా అనే పుల్లటి అట్టు మీద పప్పులు, కూరలు రకరకాలుగా పెట్టి తెస్తారు. మిగతా రోజుల్లో శిరో అనే శనగపిండి కూరలో కూడా మసాలా నెయ్యి వేస్తారు, కొన్నిచోట్ల మాంసం కూడా కలుపుతారు. అడిగి తినండి. పఖాళ, చద్దన్నం తిని పెరిగిన మనకి ఇంజెరా పులుపు ఇబ్బంది కాదు. పప్పులు, శనగలు అక్కడ బోలెడు. మినప్పప్పు, ఇంగువ, ఎండబెట్టిన కరివేపాకు ఉంటే చాలు. అమ్మ ఇచ్చిన ఆవకాయ డబ్బాని రెండు కవర్లలో చుట్టి, మూతకి టేపు వేసి పెట్టండి. నూనె కారితే ముందు పాడయ్యేది సర్టిఫికెట్ల ఫైలు.

ఎక్కువగా చేసే తప్పులు

"మేం ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు" అని స్టాఫ్ రూములో అనడం. ఆ మార్పుల్లో నలిగినవాళ్లు వాళ్లు. మొదటి మూడు నెలలు ఈ మాట నోట్లోకి రానివ్వకండి.

పాత అద్దె, పాత ధరలు పట్టుకుని బేరమాడటం. ఇంజెరా ధర నుంచి ఇంటి అద్దె దాకా అన్నీ మారాయి. కొత్తగా చేరిన టీచర్‌ని అడిగి ఇప్పటి లెక్క తెలుసుకోండి.

చేతిలో నోట్లు పట్టుకు తిరగడం. 2021లో టెలిబిర్ వచ్చాక చాలాచోట్ల చెల్లింపులు ఫోన్‌లోనే. సిమ్ తీసుకున్న రోజే పెట్టించుకోండి.

పాత స్నేహితులతోనే ఉండిపోవడం. వాళ్లు మనల్ని పాత మనిషిగానే చూస్తారు. కొత్త లెక్చరర్లతో కూడా కాఫీ తాగండి.

వెళ్లిన మొదటి నెలలో బరంపురం బెంగ పెద్దగా ఉండదు. మూడో నెలలో వస్తుంది. ఠాకురాణి జాతర వీడియోలు చూస్తూ రాత్రిళ్లు మేలుకుంటాం. పొరపాటున వచ్చామేమో అనిపిస్తుంది. ఆ నెలలో రాజీనామా లాంటి నిర్ణయాలేవీ తీసుకోకండి.

కుదురుకున్నారో లేదో చూసుకోవడం ఎలా

నెల తర్వాత: వర్క్ పర్మిట్, రెసిడెన్స్ కార్డు కాగితాలు ఎంతవరకు వచ్చాయో తేదీతో సహా చెప్పగలుగుతున్నారా? చెప్పలేకపోతే రేపే హెచ్ఆర్‌కి వెళ్లండి.

రెండు నెలల తర్వాత: మొదటి క్లాసులో రాయించిన ప్రశ్నే మళ్లీ రాయించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపించకపోతే వేగం తగ్గించండి. ఎవరైనా టైము చెప్తే ఆరు గంటలు కలిపే పని లేకుండా అర్థమవుతోందా అన్నదీ చూసుకోండి.

మూడు నెలల తర్వాత: మీరు పలకరించడానికి వెళ్లడమే జరుగుతోందా, మీ ఇంటికి ఎవరైనా చెప్పకుండా వస్తున్నారా?

ఆరు నెలలకి: వీధిలో ఇదిర్ అని ఉంటుంది. నెలనెలా కొంత చందా వేసుకుని, ఎవరింట్లో చావు వచ్చినా అందరూ కలిసి నడిపించే సంఘం. టెంటు, కుర్చీలు, వంట పాత్రలు అన్నీ వాళ్లే తెస్తారు. మొదటి నాలుగేళ్లలో నన్ను ఎవరూ అందులో చేరమని అడగలేదు, నేనూ అడగలేదు. రెండోసారి వెళ్లిన ఏడో నెలలో ఒక శనివారం సాయంత్రం ఇద్దరు పెద్దమనుషులు రసీదు పుస్తకం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చారు. మా పాత ఇంటావిడ పంపిందట. పేరు, తండ్రి పేరు, తాత పేరు అడిగి రాసుకున్నారు. మీ గేటు దగ్గరికి కూడా వస్తే తాత పేరు తడుముకోకుండా చెప్పండి. చందా ఆ రోజే కట్టేసి రసీదు దాచుకోండి.